పీఎఫ్ రిజిస్టరులోకి ఎక్కని పేర్లు

పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల యూనిట్ అయినా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న ఫ్యాక్టరీ అయినా, కొత్త మనిషిని పనిలోకి తీసుకోగానే యజమాని వేసే మొదటి లెక్క పీఎఫ్ భారం. ఆ లెక్క చూసుకుని చాలామంది కొత్తవారి పేరు రిజిస్టరులో ఎక్కించరు, కూలి చేతికిచ్చి పంపేస్తారు. 2025 ఆగస్టు 1 నుంచి ఈ లెక్క తప్పు.

ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన, అంటే కొత్తవారిని పీఎఫ్‌లో చేర్చుకున్న యజమానికీ తొలిసారి చేరిన ఉద్యోగికీ కేంద్రం డబ్బిచ్చే పథకం గురించి ఈపాటికి అందరూ వినే ఉంటారు. పీఎఫ్‌లో ఇప్పటికే ఉన్న యూనిట్‌కి అది ఎంత మిగులుస్తుందో చూద్దాం. పీఎఫ్ వేతనం 12 వేలు అనుకోండి. యజమాని వాటా 12 శాతం, బీమాకు అర శాతం, పరిపాలన ఖర్చు అర శాతం, మొత్తం 1,560 రూపాయలు. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ 3.25 శాతం కింద మరో 390. అంటే నెలకు 1,950. ఈ వేతనానికి కేంద్రం యజమానికి ఇచ్చేది నెలకు 2 వేలు. మామూలు వ్యాపారానికి రెండేళ్లు, తయారీ రంగానికి నాలుగేళ్లు. జీడిపప్పు ప్రాసెసింగ్ తయారీయే కదా!

ఇక్కడే కొందరు చేజేతులా పోగొట్టుకుంటారు. భారం తగ్గుతుందని వేతనం 9,900గా చూపిస్తే ప్రోత్సాహకం వెయ్యి రూపాయలు కూడా దాటదు. 10 వేలు దాటితేనే 2 వేలు, 20 వేలు దాటితే 3 వేలు. నిజమైన వేతనం రాయడమే లాభం.

50 మందిలోపు ఉన్న యూనిట్ కనీసం ఇద్దరిని అదనంగా చేర్చాలి, ఆపైన ఉంటే ఐదుగురిని. వారు ఆరు నెలలు నిలవాలి. ఇద్దరినే తీసుకుంటే నాలుగో నెలలో ఒకరు మానేసిన రోజున లెక్క తప్పుతుంది, అందుకే ముగ్గురిని తీసుకోవాలి. పైగా డబ్బు ఆరు నెలలు నిలిచాకే వస్తుంది కాబట్టి, ఇద్దరి మీద అప్పటిదాకా 23,400 రూపాయలు యజమాని జేబులోంచే వెళ్తాయి. అది ముందే పక్కన పెట్టుకోవాలి. కేంద్రం వారి ఉమంగ్ యాప్‌లో ముఖ గుర్తింపుతో యూఏఎన్, అంటే ఉద్యోగి శాశ్వత పీఎఫ్ నంబరు, తీయించాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకులో మరోలా ఉంటే మొదటి వారంలోనే సరిచేయించాలి. యూనిట్ ఖాతా పాన్‌తో ముడిపడి ఉండాలి. ఎవరికెంత పీఎఫ్ కట్టారో చూపే నెలవారీ లెక్క, ఈసీఆర్, మరుసటి నెల 15లోపు వేయాలి. ఆలస్యమైతే 12 శాతం వడ్డీతో పాటు జరిమానా కూడా పడుతుంది. కార్మికుల జీతంలోంచి కోసిన వాటాను గడువు దాటాక కడితే అది 2026 ఏప్రిల్‌కు ముందున్న పాత ఆదాయ పన్ను చట్టం కింద ఖర్చుగా చెల్లదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

పన్ను రాయితీ సంగతి వేరు, అందులో అన్యాయం ఉంది. 80 జేజేఏఏ సెక్షన్‌గా అందరికీ తెలిసిన ఆ మినహాయింపు అదనపు వేతన ఖర్చులో 30 శాతాన్ని మూడేళ్లపాటు ఆదాయంలోంచి తగ్గిస్తుంది. పై ఉదాహరణలో ఒక్కో మనిషికి ఏడాదికి 43,200. కానీ అది పన్ను ఆడిట్, అంటే ఖాతాలను ఆడిటర్‌తో తనిఖీ చేయించాల్సిన బాధ్యత, ఉన్నవారికే. అంచనా ఆదాయ పద్ధతిలో (అమ్మకాల్లో కొంత శాతాన్నే ఆదాయంగా చూపి) రిటర్న్ వేసే చిన్న వ్యాపారికి, అంటే ఉద్యోగమిచ్చే ప్రోత్సాహం ఎక్కువ అవసరమైన వాడికి, పైసా రాదు. ఈ ఆడిట్ షరతును తీసేయాలి.

కూలి కోత పడితే యూనిట్లలో పనిచేసే ఆడవాళ్లు ఒప్పుకోరని యజమానులంటారు. 12 వేలలో పీఎఫ్ కిందే 1,440 పోతే బాధే, కాదనలేం. కానీ ఒక్క నెల చందా కట్టి మరణించినా భార్యకో భర్తకో పింఛను వస్తుందని, ఉద్యోగంలో ఉండగా పోతే కుటుంబానికి 7 లక్షల దాకా బీమా ఉందని ఎవరైనా వాళ్లకి కూర్చోబెట్టి చెప్పారా? తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి ఒక నెల పీఎఫ్ వేతనం, గరిష్ఠంగా 15 వేలు, రెండు విడతల్లో వస్తుందని చెప్పారా?

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తిందో శ్రీకాకుళం జిల్లాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడి పిక్కలు కొట్టే మనిషికి ఈఎస్ఐ కార్డు ఉండటానికీ లేకపోవడానికీ తేడా ప్రాణం. చేతికొచ్చే కూలి తప్ప ఊళ్లో ఏ ఆసరా లేకనే కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై రైళ్లెక్కుతున్నారు. ఇక్కడి యూనిట్లలో వారి పేర్లు రిజిస్టరుకెక్కితే కొందరైనా ఆగుతారు. జిల్లా పరిశ్రమల కేంద్రాలు పలాసలో, రాజాంలో, బొబ్బిలిలో శిబిరాలు పెట్టి యూనిట్ వారీగా ఈ పత్రాలు పూర్తి చేయించాలి. 2027 జూలై 31 తర్వాత పనిలో చేరినవారికి ఈ పథకం వర్తించదు.