సవరణ: శాటిలైట్ రేడియో కథ ముగియలేదు

ఉపగ్రహం నుంచి నేరుగా వినిపించే శాటిలైట్ రేడియో గురించి పర్లాకిమిడి నుంచి మొన్న రాసిన పోస్టులో "శాటిలైట్ రేడియో పని అయిపోయింది, ఆర్జేలకు ఇక పాడ్‌కాస్టే దిక్కు" అన్నాను. అది తప్పు. రాయగడలో ఉండే మా బావ ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టాడు.

వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో సంస్థను చూసి అలా తేల్చేశాను. మన దేశంలో అది 2009 డిసెంబర్ 31తో ఆగిపోయిన మాట నిజమే. కానీ అమెరికాలో సిరియస్, ఎక్స్‌ఎం అనే రెండు శాటిలైట్ రేడియో సంస్థలు 2008లో ఒక్కటయ్యాయి. ఆ సంస్థ నేటికీ నడుస్తోంది. అక్కడ చాలా కొత్త కార్లకు రిసీవర్ బిగించే వస్తుంది. వరల్డ్‌స్పేస్‌కేమో యాంటెన్నాను ఉపగ్రహం వైపు తిప్పి పెట్టాల్సి వచ్చేది. (మేడ మీద దాన్ని తిప్పి తిప్పి మెడ పట్టేసిన రోజులు ఎలా మర్చిపోయానో!)

అమెరికా రేడియో హోస్ట్ హోవర్డ్ స్టెర్న్ పాడ్‌కాస్టులకు వెళ్లిపోయాడని ఆ పోస్టులో అన్నదీ పొరపాటే. 2006 జనవరిలో ఆయన మామూలు రేడియో వదిలి చేరింది సిరియస్‌లో. ఆ సంస్థేమీ పాత పద్ధతినే పట్టుకుని కూర్చోలేదు, 2019లో పండోరా అనే ఆన్‌లైన్ సంగీత సంస్థను కొనేసింది. యాప్‌లో కావలసినప్పుడు వినే షోలూ పెట్టింది.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లకు పాడ్‌కాస్టే మేలని రాసింది మాత్రం మార్చను. ఇక్కడ కొండ అడ్డొస్తే ఎఫ్‌ఎం అందదు. రికార్డు చేసిన తెలుగు షో అయితే వాట్సాప్‌లోనైనా చేరుతుంది.