గడప మీద బీరువా

(ఆదివారం ఉదయం పది. సుబ్బారావు సోఫాలో, ఫోను చేతిలో. పడకగదిలో, హాల్లోకి జరపడానికి ఖాళీ చేసిన ఇనుప బీరువా, మంచం మీద చీరల కొండ. బీరువాది వాళ్ల పెళ్లి వయసే. రెండూ కిర్రుమంటూనే ఉంటాయి.)

కామాక్షి: ఏమండీ, చీరలు గురువారం నుంచి మంచం మీదే ఉన్నాయి. మూడు రాత్రులుగా పట్టుచీరల పక్కన ఒదిగి పడుకుంటున్నాను.

సుబ్బారావు: ఆ పని గురించే చదువుతున్నాను. జర్మనీలో బ్యాగర్ 288 అని బొగ్గు గనుల్లో తవ్వే యంత్రం ఉంది. 13,500 టన్నులు! 2001లో దాన్ని ఒక గని నుంచి ఇంకో గనికి అలాగే నడిపించుకెళ్లారు.

కామాక్షి: ఎవరు, వాళ్ల ఆడవాళ్లా?

సుబ్బారావు: నీకన్నీ వేళాకోళాలే. పొడవు 220 మీటర్లు. ముందున్న చక్రానికి 18 బకెట్లు, ఒక్కొక్కటీ 6.6 ఘనపు మీటర్లు.

కామాక్షి: మనకున్న ఒక్క బకెట్టుకూ పిడి ఊడి ఆరు నెలలైంది. తాడు కట్టి తోడుకుంటున్నాను.

సుబ్బారావు: బకెట్టు సంగతి వదిలెయ్. హాంబాఖ్ నుంచి గార్జ్‌వైలర్‌కు 22 కిలోమీటర్లు, మూడు వారాలు. నిమిషానికి పది మీటర్లు మించి కదలదు.

కామాక్షి: అచ్చం మీ పోలికే.

సుబ్బారావు: దాని కరెంటు కూడా బయటి నుంచే ఇవ్వాలి, 16 మెగావాట్ల పైమాటే.

కామాక్షి: మీకు కాఫీలాగా. అందక పోతే అడుగు పడదు.

సుబ్బారావు: దారిలో ఎర్ఫ్ట్ నది అడ్డొచ్చింది. ఏం చేశారో తెలుసా? నీళ్లు పోవడానికి పెద్ద పెద్ద ఉక్కు గొట్టాలు వేసి, పైన రాళ్లూ కంకరా పోసి దాని మీదుగా దాటించారు. హైవే దాటించారు, రైలు పట్టాలు దాటించారు. మంచి నేల వచ్చినచోట ముందే గడ్డి కూడా విత్తారు!

కామాక్షి: అంత అవస్థ ఎందుకు? ఊడదీసి లారీల్లో వేయలేకపోయారా?

సుబ్బారావు: ఊడదీసి మళ్లీ బిగించడం కంటే నడిపించడమే చవక.

కామాక్షి: ఆ మాట మీ నోటితోనే వచ్చింది. బీరువా తలుపులు ఊడదీయడానికి మనిషి దొరకాలి, వాడడిగింది ఇవ్వాలి అని నెల రోజులుగా సాగదీస్తున్నది ఎవరు? లేవండి.

సుబ్బారావు: దానికి 70 మంది పనిచేశారు కామాక్షీ!

కామాక్షి: తలకు 190 టన్నుల పైనే. మన బీరువా క్వింటాలు కూడా ఉండదు. అసలు నేనొక్కదాన్నే చాలు, మీకూ కాస్త పేరు దక్కుతుందని పిలుస్తున్నాను.

(సుబ్బారావు ఫోను సోఫాలో వదిలి లేస్తాడు. కామాక్షి బీరువా కాలి కింద ఏళ్లుగా నలిగిన అట్టముక్క లాగి, గోనెసంచి దూరుస్తుంది. ఆయన లోపలి నుంచి తోస్తాడు, ఆమె హాల్లోకి లాగుతుంది. గోనె జరజరా జారి, ముందు కాళ్లు గడప ఎక్కి, వెనక కాళ్లు ఎక్కకుండా ఆగిపోతుంది. ద్వారం నిండా బీరువా.)

సుబ్బారావు: ఇరుక్కుంది.

కామాక్షి: కనిపిస్తూనే ఉంది. గొట్టాలు వేసి కంకర పొయ్యండి.

సుబ్బారావు: నేను లోపలున్నాను!

కామాక్షి: చీరలు మడత పెట్టండి మరి. పక్కింటబ్బాయిని పిలుచుకొస్తాను.

సుబ్బారావు: పోనీ, ఆ ఫోను బీరువా మీద నుంచి అందించు.

కామాక్షి: అందదు.

సుబ్బారావు: కాఫీ అయినా?

కామాక్షి: వస్తుందిలెండి. నిమిషానికి పది మీటర్లు.