మహారాజశ్రీ స్లైడ్ డెక్ గారికి

మహారాజశ్రీ స్లైడ్ డెక్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. మీటింగుల్లో తెర మీద ఒకటొకటిగా చూపించే పేజీల కట్ట తమరు, ప్రొజెక్టర్ వెలుగులో క్షేమంగానే ఉంటారు. ఎదురుగా చీకట్లో కూర్చున్న మా సంగతే చెప్పాలి.

టెక్నాలజీ ఉద్యోగాలు చేసేవాళ్లకి మాట్లాడటం రాదు, రాయడం అసలే రాదు అని లోకం ఆడిపోసుకుంటూ ఉంటుంది. శిక్షణ తరగతులు పెడుతుంది. చేతులు కట్టుకోవద్దంటుంది, కళ్లలోకి చూసి మాట్లాడమంటుంది, ఉత్తరం చివర ఏ మర్యాద పదం వాడాలో నేర్పుతుంది. తమరి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎలా ఎత్తుతారు? ఆ తరగతి నడిచేదే తమరి మీద.

తమరి పుట్టుక నిరాడంబరమే. 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ మెకింటోష్ కంప్యూటర్ కోసం పవర్‌పాయింట్ అనే ప్రోగ్రాం తెచ్చింది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే ప్లాస్టిక్ షీట్లను నలుపు తెలుపుల్లో తయారుచేసుకోవడానికి. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. షీట్ల రోజుల్లో ఒక్కోదానికీ ఎంతో కొంత ఖర్చయ్యేది. ఇప్పుడు కొత్త స్లైడ్ కావాలంటే ఒక మీట నొక్కితే చాలు. తమరి సంతానం ఎందుకింతగా పెరిగిందో వేరే చెప్పాలా?

ముందుగా ఒక ప్రశ్న. తమరు మాటా, రాతా? మాట అనుకుందామంటే, తమరిని చూపించేవాళ్లు మాట్లాడరు, తమరి మీదున్నది పైకి చదువుతారు. చదవడం మాకూ వచ్చు. నోటికన్నా కన్ను వేగం కాబట్టి ఆయన రెండో లైన్లో ఉండగానే మేం చివరిది దాటేసి ఫోన్లు తీస్తాం. పోనీ రాత అనుకుందామా? మీటింగ్‌కి రాలేనివాడికి "డెక్ పంపాను, చూసుకో" అని ఒక మెసేజ్ వస్తుంది. వాడు తెరిచి చూస్తే అందులో సగమే ఉంటుంది. మిగతా సగం చెప్పినాయన నోట్లోనే ఉండిపోయింది. తమరు రెంటికీ చెడ్డ రేవడి.

ఆరు నెలల తర్వాత కొత్తగా చేరిన ఇంజనీరు "ఈ సర్వీసుని రెండుగా ఎందుకు విడగొట్టారు?" అని అడిగితే టీమ్ వెతికి తీసేది తమరినే. అందులో ఒక డబ్బా, ఒక బాణం, ఇంకో డబ్బా. బాణం ఎటు నుంచి ఎటు పోతోందో కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకు పోతోందో తెలిసినవాడు కంపెనీ మారిపోయాడు.

ఇక తమరి గారాల బిడ్డ, బుల్లెట్ పాయింట్, అంటే ముందు ఒక చుక్క పెట్టి రాసే పొట్టి ముక్క. ఆ పిల్లవాడికి కర్త ఉండడు, క్రియ ఉండదు. "డేటాబేస్ మైగ్రేషన్: మధ్యస్థ రిస్క్" అని నిలబడతాడు. రిస్క్ ఎవరికి? ఎప్పుడు? మధ్యస్థం అంటే ఎంత? ఎవరూ అడగరు, అందరూ తలూపుతారు. కోడ్‌లో ఒక బ్రాకెట్ తగ్గితే, దాన్ని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ ముందుకు పోనివ్వదు. ఆ క్రమశిక్షణలోనే బతికే మనుషులు మీటింగ్ గదిలోకి రాగానే సగం వాక్యాలతో సంసారం చేసేస్తారు.

అదే ఇంజనీరుని పక్కకు పిలిచి "ఇది పూర్తి వాక్యాల్లో రాసివ్వు" అని అడగండి. ఆయన రాయడం మొదలుపెడతాడు: "శుక్రవారం రాత్రి డేటాబేస్ మారుస్తాం. ఆ సమయంలో యాప్ పాత వెర్షన్ వాడుతున్నవాళ్ల ఆర్డర్లు నలభై నిమిషాల దాకా ఆగిపోవచ్చు. ఏదైనా తేడా వస్తే పాత డేటాబేస్‌కి వెనక్కి రావడానికి..." ఇక్కడ చెయ్యి ఆగిపోతుంది. వెనక్కి వచ్చే దారి పనిచేస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. నిన్నటి దాకా ఇది "మధ్యస్థ రిస్క్". వాక్యం పూర్తి చేయబోతే గానీ బయటపడలేదు.

తమరి బిడ్డ దగ్గర ఇంకో సుగుణం ఉంది. "కాబట్టి", "కానీ", "ఒకవేళ" అనే మాటలకి అక్కడ చోటుండదు. ఒకదాని కింద ఒకటి పేరిస్తే చాలు, వాటి మధ్య సంబంధం చూసేవాళ్లే ఊహించుకుంటారు, తలా ఒక రకంగా. గంట తర్వాత అందరం ఏకాభిప్రాయంతో బయటికొస్తాం. ఎవరు దేనికి ఒప్పుకున్నారో రిలీజ్ రోజు తెలుస్తుంది.

ఇంతవరకూ వేళాకోళం. ఇప్పుడు చెప్పేది వేళాకోళం కాదు.

2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక పైకి లేచిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురగ (ఫోమ్) ముక్క ఒకటి ఎడమ రెక్కకు తగిలింది. నౌక అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బకు ఎంత నష్టం జరిగి ఉంటుందో లెక్కలు కట్టి, ఫలితాలను నాసా మేనేజర్లకు స్లైడ్ల మీద చూపించారు. వాటిలో ఒకదాని శీర్షిక చదివితే భయపడనక్కర్లేదనే అనిపిస్తుంది. అసలు సంగతి ఆ స్లైడ్ అట్టడుగున ఉంది. పాత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలిందని అంచనా వేసినది 1920 ఘనపు అంగుళాలు. 640 రెట్లు! ఇంత తేడా ఉంటే పాత పరీక్షలను నమ్ముకుని ఈ దెబ్బ గురించి ధైర్యం చెప్పడం కుదరదు. ఆ మాట అక్కడ వాక్యంగా లేదు. ఒక బుల్లెట్ కింద ఇంకో బుల్లెట్‌గా, అంకెలుగా ఉంది.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు.

నౌకను కూల్చింది నురగ దెబ్బే, తమరు కాదు. ఆ సంస్థలో ఇంకా చాలా లోపాలు బయటపడ్డాయి. అయినా ఆ ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక తమరి గురించి ప్రత్యేకంగా రాసింది. ఆ స్లైడ్ చదివిన పై అధికారికి అది ప్రాణాపాయం గురించిన మాట అని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదంది. సాంకేతిక పత్రం ఉండాల్సిన చోటల్లా స్లైడ్లు తిష్ట వేయడం ఆ సంస్థలో విషయాలు చెప్పుకునే తీరులోనే ఉన్న జబ్బు అన్నట్టు తేల్చింది. ఇంజనీర్లు ఏమీ దాచలేదు, చూడండి. అన్నీ స్లైడ్ మీదే ఉన్నాయి.

ఆ మరుసటి ఏడాది, 2004లో, అమెజాన్ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల నుంచి తమరిని వెళ్లగొట్టాడు. పూర్తి వాక్యాలతో రాసిన పత్రం తెమ్మన్నాడు, పోనుపోను దాని హద్దు ఆరు పేజీలుగా స్థిరపడింది. మీటింగ్ మొదట్లో అందరూ నోరు మెదపకుండా అది చదువుతారు, ఆ తర్వాతే చర్చ. ఇదేదో మహామంత్రం అని నేననను. ఆరు పేజీల నిండా చెత్త రాయడం కూడా సాధ్యమే. కాకపోతే వాక్యాల్లో రాసిన చెత్త చెత్తలాగే కనిపిస్తుంది. తమరి మీద అదే చెత్త నీలం రంగు గుండ్రాల్లో వ్యూహంలా కనిపిస్తుంది.

తమరిని మావాళ్లు ఎందుకు వదలరో నాకు తెలియక కాదు. నలుగురిలో లేచి మాట్లాడాలంటే టెన్షన్ ఉన్న కుర్రాడికి తమరే దిక్కు. అందరి చూపూ తెర మీదకి పోతుంది, వాడు బతికిపోతాడు. వాడి మీద నాకు కోపం లేదు. కోపమల్లా "పైవాళ్లకి టైం లేదు, ఒక్క స్లైడ్‌లో చెప్పు" అనే పెద్దమనుషుల మీద. టైం లేనివాళ్లు పన్నెండు మందిని కూడేసి గంట మీటింగ్ పెడతారు. రెండు పేజీలు చదవడానికి మాత్రం తీరిక లేదు.

తమరిని పూర్తిగా వెళ్లిపొమ్మనను. గ్రాఫ్ చూపించడానికి, సిస్టమ్ బొమ్మ గీసి ఎక్కడ ట్రాఫిక్ ఆగిపోయిందో వేలుపెట్టి చూపడానికి తమరిని మించినది లేదు. అక్కడ రాజ్యమేలండి. నిర్ణయం ఏమిటి, ఎందుకు, ఎవరు చేస్తారు, తేడా వస్తే ఏం చేస్తాం అన్నవి కాగితానికి వదిలేయండి.

చివరగా ఒక చిన్న మనవి. "థాంక్యూ, ఏమైనా ప్రశ్నలున్నాయా?" అనే తమరి ఆఖరి స్లైడ్ ఉంది కదా. మీటింగ్ ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా వచ్చి, ప్రశ్నలు నడిచినంతసేపూ తెర మీద చేతులు జోడించి నిలబడుతుంది. దాన్ని తీసేయించండి. ఆ చోట ఆ పాత బాణాల బొమ్మే ఉంచితే, కనీసం ఒకరైనా లేచి "ఆ రెండో డబ్బా పడిపోతే ఏమవుతుంది?" అని అడుగుతారు.

ఇట్లు,
తమ విధేయుడు
(వెనక వరుస, కెమెరా ఆఫ్)