శాలువా కప్పిన శాస్త్రం

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1825లో ప్రారంభించిన శుక్రవారం సాయంత్రపు శాస్త్రోపన్యాసాలు నేటికీ నడుస్తున్నాయి. 1846లో ఒకనాడు మాట్లాడవలసిన చార్లెస్ వీట్‌స్టోన్ సభను తలచుకొని జడిసి పారిపోయాడని, ఫారడే తానే లేచి ఆ పూట గడుపుకొచ్చాడని అక్కడొక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, వేళకు ముందు వక్తను గదిలో ఉంచి తాళం వేసే ఆనవాయితీ దాని పేరు మీదనే స్థిరపడింది. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ప్రతి గురువారం సాయంత్రం నాలుగు గంటలకు జరిగే విజ్ఞాన, గణిత ఉపన్యాసాలకు పన్నెండేళ్లుగా హాజరవుతున్న నేను సవినయంగా మనవి చేసేదేమంటే, మన దగ్గర వక్త పారిపోయిన దాఖలా ఒక్కటీ లేదు. తాళం వేయవలసిన అవసరం వచ్చేది శ్రోతల విషయంలోనే.

ఈ అవసరాన్ని గుర్తించిన నిర్వహణ సంఘం మూడు దశల్లో ప్రయోగం చేసింది. మొదట చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉపన్యాసానికి ముందు ఇచ్చారు; బిస్కెట్లతో పాటు శ్రోతలు కూడా అయిపోయారు. తరువాత ఉపన్యాసం ముగిశాక ఇచ్చారు; శ్రోతలు ముగింపుకు అయిదు నిమిషాల ముందు వచ్చి, వెనుక వరుసల్లో అత్యంత శ్రద్ధగా కూర్చున్నారు. చివరికి మధ్యలో ఇవ్వాలని తీర్మానించారు. దీనివల్ల ఉపన్యాసం మొదటి సగం విన్నవారు, రెండో సగం విన్నవారు అని శ్రోతలు రెండు వర్గాలుగా ఏర్పడ్డారు. ఈ రెండు వర్గాలకూ ఉమ్మడిగా ఉన్నది సమోసా ఒక్కటే.

అయితే ఉపన్యాసమంటూ జరిగినప్పటి మాట అది. జరగడానికి గణితశాస్త్రమే ఒప్పుకోదని నేను నిరూపించగలను. కేటాయించిన గంటలో అర భాగం జ్యోతి ప్రజ్వలనకు, ప్రార్థనకు, పెద్దలను ఒక్కొక్కరిగా వేదిక మీదకు ఆహ్వానించడానికి పోతుంది. పావు భాగం వక్త పరిచయానికి పోతుంది. అందులో ఆయన పరిశోధన గురించి ఒక వాక్యం, ఆయన ఏయే కమిటీల్లో సభ్యుడో తెలిపే వాక్యాలు ఇరవై ఉంటాయి. అరపావు శాలువాకు, జ్ఞాపికకు; వీసం మైకును సవరించి ‘హలో, హలో’ అనడానికి. అర, పావు, అరపావు, వీసం, ఇలా సగానికి సగంగా అనంతంగా కూడుతూ పోతే వచ్చేది సరిగ్గా ఒకటి, అంటే నిండు గంట. శాస్త్రానికి మిగిలేది సున్న. సున్న విలువ తెలిసిన దేశం మనది గనుక ఈ విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

పైగా ఈ ఊరికి శాస్త్రం కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ భారతదేశంలో తొలిసారిగా జరిగింది కూడా ఈ నగరంలోనే. రాస్‌కు ఆ రోజున హాజరు పట్టీ లేదు, ముఖ్య అతిథి లేడు, వెనుక ఫ్లెక్సీ లేదు. నేటి నిబంధనల ప్రకారం చూస్తే దోమ వచ్చినట్టు కూడా రుజువు లేదు.

నిబంధన అంటే ఫోటో. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను లెక్కగట్టి గ్రేడులిచ్చే న్యాక్‌కు పంపే నివేదికలో అక్షాంశ రేఖాంశాలు ముద్రితమైన ఫోటో ఉండాలి. కాబట్టి మా దస్త్రాలను తెరిచిన ఎవరికైనా, దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఒక మనిషికి మరో మనిషి శాలువా కప్పాడని నిస్సంశయంగా తెలుస్తుంది. కప్పించుకున్న మనిషి ఏం చెప్పడానికి వచ్చాడన్నది ఉపగ్రహాలకు అందని సంగతి. ఫోటో తీయడం పూర్తయ్యాక ముందు వరుస ఖాళీ అవుతుంది. ప్రశ్నల సమయంలో తప్పకుండా వినిపించే ప్రశ్న, నా పన్నెండేళ్ల అనుభవంలో, ఒక్కటే: “సార్, సర్టిఫికెట్లు ఈ రోజే ఇస్తారా?”

ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థలో మొన్నటి వానాకాలం ఒక అపశ్రుతి దొర్లింది. దీపం వెలిగించక ముందే కరెంటు పోయింది. జనరేటరులో డీజిల్ లేదు. మైకు పలకలేదు, ప్రొజెక్టరు వెలగలేదు, అధ్యక్షత వహించవలసిన పెద్దమనిషి లిఫ్టు ఎక్కలేక కిందనే ఆగిపోయారు. పొరుగు ఊరి నుంచి వచ్చిన వక్త కాసేపు దిక్కులు చూసి, కిటికీ పక్కనున్న నల్లబల్ల దగ్గరికి నడిచి, సుద్దముక్క అందుకున్నాడు. ఒకటి, దానికి అర, మూడో వంతు, నాలుగో వంతు, అయిదో వంతు కలుపుతూ పోతే ఎంతవుతుందని అడిగాడు. వెయ్యి పదాలు కూడినా ఏడున్నరకు చేరదు, పది లక్షల పదాలు కూడినా పద్నాలుగు చిల్లరే, కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతుందని మేమందరం అన్నాం. ఆయన మూడో వంతునూ నాలుగో వంతునూ కలిపి గీత గీసి, ఇది అర కంటే ఎక్కువ కదా అన్నాడు. తరువాతి నాలుగింటినీ కలిపి, ఇదీ అర కంటే ఎక్కువే అన్నాడు. ఆ తరువాతి ఎనిమిదింటికి గీత గీయబోతుండగా మూడో వరుసలోని ఒక అమ్మాయి లేచి, “అయితే అరలు ఎప్పటికీ అయిపోవు కదా సార్, ఇది ఆగదు!” అంది. మధ్యలో చాయ్ వచ్చింది. ఎవరూ లేవలేదు. చాయ్ తెచ్చిన అబ్బాయి కూడా కెటిల్ కింద పెట్టి నిలబడిపోయాడు.

ఆనాటి నివేదికలో “విద్యుత్ అంతరాయం కారణంగా ఈ వారం ఉపన్యాసం జరగలేదు” అని నమోదైంది. ఫోటో లేదు గనుక నేనూ ఆక్షేపించలేదు. ఆయనకు కప్పవలసిన శాలువా బీరువాలోనే ఉంది. వచ్చే గురువారం వక్తకు పనికొస్తుందని, కొత్తది కొనడానికి బిల్లు పెట్టనవసరం లేదని గుమాస్తా సంతోషంగా చెప్పాడు.