కలెక్టరు జడ్జి కాదు, పాస్‌బుక్కు డిక్రీ కాదు

మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "భూమి తగాదాకు మున్సిఫ్ కోర్టుకు పోవద్దు. జిల్లాకు పెద్ద జడ్జి కలెక్టరే. పట్టాదారు పాస్‌బుక్కు ఉంటే భూమి నీదే. అక్కడ పని కాకపోతే కర్నూలులో హైకోర్టు బెంచ్ వస్తోంది, నేరుగా అక్కడ కేసు వేసుకో. లోక్ అదాలత్ రాజీలు చెల్లవు." వకీలుగా చెబుతున్నాను, ఇది నమ్మితే చేను పోతుంది.

మొదట కలెక్టరు సంగతి. జిల్లా జడ్జి ఆయన కింద పనిచేసే మనిషి కాదు. రాజ్యాంగంలోని 235వ అధికరణ జిల్లా కోర్టులనూ, వాటి కింది కోర్టులనూ హైకోర్టు అదుపులో పెట్టింది. జిల్లా జడ్జిని గవర్నరు నియమించాలన్నా హైకోర్టును సంప్రదించాల్సిందే. ఆర్డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి) కోర్టు, జేసీ (జాయింట్ కలెక్టరు) కోర్టు అని మనం పిలిచేవి రెవెన్యూ రికార్డుల తగాదాలు వినే చోట్లు. పేరులో కోర్టు ఉండడం వల్లే ఈ గందరగోళమంతా.

అసలు ప్రమాదం పాస్‌బుక్కు మాటలో ఉంది. 1971 నాటి పట్టాదారు పాస్‌బుక్కుల చట్టమే, హక్కు తేల్చుకోవాలంటే సివిల్ కోర్టులో దావా వేసుకోమంటుంది. రికార్డులో పేరు ఉంటే మంచి ఆధారమే, కానీ భూమి ఎవరిదో చివరికి తేల్చేది సివిల్ కోర్టు. మీరు కొన్న చేను పక్కవాడి పేరున ఎక్కి, అది నాదేనని వాడు ఎదురుతిరిగాడనుకోండి. ఆ భూమి మీదేనని ప్రకటించమని దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చేది 3 ఏళ్లు, దావా హక్కు మొదట పుట్టిన రోజు నుంచి. కలెక్టరు ఆఫీసులో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినంత మాత్రాన ఆ గడువు ఆగదు. తహసీల్దారు దగ్గర ఒక ఏడాది, ఆర్డీఓ దగ్గర ఒక ఏడాది తిరిగి, గడువు దాటాక కాగితాల సంచితో వచ్చే రైతుకు ఏం చెప్పాలో తోచదు. అర్జీ ఇవ్వండి, వద్దనను. దాంతోపాటు దావా గడువు ఎప్పటికి ముగుస్తుందో ఆ వారమే ఒక ప్లీడరును అడగండి.

కర్నూలు బెంచ్ రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి హైకోర్టు కావాలని సీమ అడుగుతూనే ఉంది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయితే, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకు పోయింది. 2024 నవంబరులో అసెంబ్లీ బెంచ్ కోసం తీర్మానం చేసింది. కానీ తీర్మానం ఒక్కటే చాలదు. 2014 విభజన చట్టం ప్రకారం, జడ్జిలు వేరే ఊళ్లో కూర్చోవాలంటే గవర్నరు ఆమోదంతో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించాలి. బెంచ్ వచ్చినా అది వినేది హైకోర్టు పనే. రిట్లు (అధికారుల చర్యల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లు), అప్పీళ్లు అక్కడ నడుస్తాయి. గట్టు తగాదా మాత్రం దాన్ని విచారించగల కోర్టుల్లో అన్నిటికంటే కింది కోర్టులోనే మొదలు కావాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షన్ చెప్పేది అదే. అధికారి చట్టం మీరితే రిట్ వేయొచ్చు. సాక్షులను విచారించి పొలం ఎవరిదో తేల్చే పని సాధారణంగా రిట్‌లో జరగదు.

లోక్ అదాలత్ మాట పూర్తిగా అబద్ధం. ఇరుపక్షాలనూ ఒప్పించి తగాదా తెంచే ఆ వేదికలో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పు ఉత్తర్వుతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టేముందు ప్రతి షరతూ చదివించుకోండి. ప్లీడరుకు డబ్బు లేకపోతే న్యాయ సహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.