రంగు వేస్తే సదరన్ పసిఫిక్ ఇంజను అయిపోదు

మోడల్ రైల్వే గ్రూపుల్లో తరచూ ఒక ఫొటో కనిపిస్తుంది. బూడిద రంగు ఒళ్ళు, ఎర్రటి ముక్కు, పక్కన తెల్లటి అక్షరాల్లో అమెరికన్ రైల్వే కంపెనీ సదరన్ పసిఫిక్ (ఎస్పీ) పేరు. కింద "నా ఎస్పీ టన్నెల్ మోటార్ రెడీ" అని ఒక లైను. టన్నెల్ మోటార్ అంటే సొరంగాల కోసం ప్రత్యేకంగా మార్చిన డీజిల్ ఇంజను. లైకులు బాగానే పడతాయి. జూమ్ చేసి చూస్తే అది మామూలు ఎస్‌డీ40-2 రకం డీజిల్ ఇంజను. వెనకవైపు పైకప్పు మీద మూడు రేడియేటర్ ఫ్యాన్లు కనిపిస్తూనే ఉంటాయి. టన్నెల్ మోటార్‌కి ఆ పేరు తెచ్చిన భాగమే దాని మీద ఉండదు. ఎవరైనా మర్యాదగా చెబితే "అన్నా, అవన్నీ ఎవరు చూస్తారు?" అని జవాబొస్తుంది.

నేను చూస్తాను. మిగతావాళ్ళు కూడా చూడాలనే ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాను.

బే ఏరియాలో ఉండే మనవాళ్ళు చాలామంది కాల్‌ట్రెయిన్ ఎక్కుతుంటారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసే దాకా ఉన్న ఆ లైను ఒకప్పుడు సదరన్ పసిఫిక్‌దే. 1996లో ఆ కంపెనీ యూనియన్ పసిఫిక్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఎస్పీ అంటే ఫొటోలు, పాత కాగితాలు, మ్యూజియంలలో కొన్ని ఇంజన్లు, ఇళ్ళల్లో బల్లల మీద తిరిగే మోడళ్ళు. అసలు కంపెనీయే లేనప్పుడు ఆ బండి ఎలా ఉండేదో చెప్పే పని మోడల్ మీద ఎంతో కొంత పడుతుంది. అందుకే ఈ విషయంలో నాకింత పట్టుదల.

టన్నెల్ మోటార్ అసలెందుకు పుట్టిందో తెలిస్తే "ఎవరు చూస్తారు" అనే మాట నోట రాదు. శాక్రమెంటో నుంచి రీనో వైపు వెళ్ళే లైను డానర్ పాస్ మీదుగా సియెరా నెవాడా కొండలు ఎక్కుతుంది. చలికాలంలో అక్కడ పడే మంచుకి పట్టాలు పూడిపోతాయని లైను మీద పొడవాటి షెడ్లు కట్టారు, వాటికి తోడు సొరంగాలు. 1925లో తెరిచిన శిఖర సొరంగం ఒక్కటే 10,326 అడుగులు, అంటే దాదాపు రెండు మైళ్ళు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఆ షెడ్లలో, సొరంగాల్లో పొగకి డ్రైవర్లకు ఊపిరాడేది కాదు. దాంతో ఎస్పీ వాళ్ళు ఇంజన్నే తిప్పేశారు. క్యాబ్ (డ్రైవరు గది) ముందుకి, పొగగొట్టం వెనక్కి. నూనెతో మండే బాయిలర్ కాబట్టి అది కుదిరింది. వాటిలో చివరిది, 1944లో బాల్డ్‌విన్ తయారుచేసిన 4294, ఇవాళ్టికీ శాక్రమెంటో రైల్వే మ్యూజియంలో ఉంది. అటు వెళ్ళినప్పుడు తప్పకుండా చూడండి. దాని ముందు నిలబడి తల పైకెత్తితే, ఒక కొండ ఒక ఇంజను రూపాన్ని ఎంతగా మార్చగలదో అర్థమవుతుంది.

డీజిల్ కాలంలో అదే కష్టం ఇంకో రూపంలో వచ్చింది. బరువైన గూడ్సుకి నాలుగైదు ఇంజన్లు కలిపి పెట్టేవారు. ముందు ఇంజన్లు వదిలిన వేడి గాలి సొరంగం పైభాగంలో పేరుకుపోయేది. వెనక ఇంజన్ల రేడియేటర్లు ఎత్తులో ఉండటంతో ఆ వేడి గాలినే పీల్చి, చల్లబడాల్సింది పోయి ఇంకా కాగిపోయేవి. ఇంజన్లు తయారుచేసే ఈఎమ్‌డీ కంపెనీ గాలి పీల్చే ద్వారాలను కిందికి, పక్కన మనుషులు నడిచే బాట ఎత్తుకి దించింది. అక్కడ గాలి కాస్త చల్లగా ఉంటుంది. ఫ్యాన్లు కూడా పైకప్పు మీద నుంచి రేడియేటర్ల కిందికి వెళ్ళాయి. 1972లో 3,600 హార్స్‌పవర్ ఎస్‌డీ45టీ-2 వచ్చింది, 1974లో 3,000 హార్స్‌పవర్ ఎస్‌డీ40టీ-2. మొదటి రకం 247, అన్నీ ఎస్పీకీ దాని అనుబంధ సంస్థ కాటన్ బెల్ట్‌కీ వెళ్ళాయి. రెండో రకం 312. వాటిలో 73 మాత్రం రియో గ్రాండే రైల్వే కొనుక్కుంది, దానివీ కొండ దారులే.

కాబట్టి వెనకభాగంలో కింద గాలి పీల్చే ఆ జాలీ అలంకారం కోసం పెట్టింది కాదు. అసలు ఇంజన్లో అటు నుంచి ఇటు వెలుతురు కనిపిస్తుంది. పొడవులో కూడా తేడా ఉంది. ఎస్‌డీ40-2 పొడవు 68 అడుగుల 10 అంగుళాలు, టన్నెల్ మోటార్ 70 అడుగుల 8 అంగుళాలు. హెచ్ఓ స్కేల్లో (అసలు సైజులో 87వ వంతు) అది ఆరు మిల్లీమీటర్ల పైనే. ఆ తేడాని రంగు కప్పలేదు. ఏథర్న్ కంపెనీ పాత టన్నెల్ మోటార్ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టండి. తప్పు షెల్ (మోడల్ పై ఒళ్ళు) మీద ఎంత ఒళ్ళు వంచి పనిచేసినా అది తప్పు షెల్లే.

ఇక ముఖం. ఎస్పీ ఇంజన్ని దూరం నుంచే గుర్తుపట్టించేది దాని దీపాల అమరిక. మిగతా కంపెనీలు చాలావరకు రెండు హెడ్‌లైట్లతో సరిపెట్టుకుంటే, ఎస్పీ వాళ్ళు హెడ్‌లైట్లతో పాటు గుండ్రంగా ఊగే జైరాలైట్లు కూడా పెట్టేవారు. అందులో ఎరుపు దీపం ఎమర్జెన్సీ బ్రేక్ పడ్డప్పుడు వెలిగేది. పక్క లైను మీద ఎదురొచ్చే బండి డ్రైవరుకి 'ఇక్కడ ఏదో జరిగింది, పెట్టె పట్టాలు తప్పి నీ దారికి అడ్డం పడి ఉండొచ్చు' అని హెచ్చరిక అది. దాని వెనక మనుషుల ప్రాణాలున్నాయి. నున్నటి ముక్కుతో వచ్చే చవక మోడల్‌కి ఎరుపు రంగు పూసి వదిలేస్తే ఈ కథంతా చెరిపేసినట్టే. ఇప్పుడు డీసీసీ డీకోడర్లలో, అంటే మోడల్ లోపల ఉండే డిజిటల్ కంట్రోల్ చిప్‌లలో, జైరాలైట్ ఎఫెక్ట్ రెడీగా ఉంటుంది. ఎరుపు ఎల్ఈడీని విడి ఫంక్షన్ మీద పెట్టుకుంటే, బండి ఆగినప్పుడు అది వెలగడం చూసిన చిన్నపిల్లలు కూడా "ఇదేంటి?" అని అడుగుతారు. చెప్పడానికి ఒక కథ దొరుకుతుంది.

క్యాబ్ అద్దాలు చూడండి. 1960ల చివర, 70ల మొదట్లో ఎస్పీ కొన్న చాలా ఇంజన్లకు డ్రైవరు వైపు ముందు అద్దం ఎల్ అక్షరం ఆకారంలో పెద్దగా ఉండేది. అన్నింటికీ లేదు, ఉన్నవాటిలో కొన్నింటికి తర్వాత మార్చేశారు. కొన్ని ఎస్‌డీ40టీ-2లకు రేడియో కంట్రోల్ పరికరాల కోసమని ముక్కు పొడుగు. అందుకే ముందు ఏ నంబరు ఇంజను చేస్తున్నామో తేల్చుకోవాలి, ఆ తర్వాతే కత్తి పట్టాలి.

నంబరుతో పాటు సంవత్సరం కూడా. ఇక్కడే ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. బూడిద, ఎరుపు రంగులు 1958లో మొదలయ్యాయి. 1985-86లో శాంటా ఫే రైల్వేతో విలీనం ఖాయమనుకుని కొన్ని ఇంజన్లకు ఎరుపు, పసుపు కొత్త రంగులు వేశారు. 1986లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ ఆ విలీనాన్ని తోసిపుచ్చింది. 1988లో రియో గ్రాండే యాజమాన్యం ఎస్పీని కొన్నది. తర్వాత 90లలో పక్కన అక్షరాల తీరే మారిపోయింది, ముందుకి ఒరిగినట్టుండే కొత్త అక్షరాలు వచ్చాయి. జైరాలైట్లు కూడా చివరి రోజుల్లో ఒక్కొక్కటిగా తీసేసి ఆ చోట రేకు మూసేశారు. అంటే ఒకే నంబరు ఇంజను 1976లో ఒకలా, 1994లో ఇంకోలా ఉంటుంది. 90ల నాటి కొత్త అక్షరాలూ, 1976 నాటి మిగతా వివరాలూ ఒకే మోడల్ మీద పెడితే ఆ ఇంజను ఏ రోజునా పట్టాల మీద లేదు.

మాసిపోవడం కూడా చరిత్రే. 80లలో ఎస్పీకి డబ్బులకు కటకటగా ఉండేది, ఇంజన్లు కడగడం కూడా వెనకబడింది. పైకప్పంతా మసి, ఎరుపు వెలిసి నారింజ ఛాయలోకి దిగడం ఆ కాలపు రంగు ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఎయిర్‌బ్రష్‌తో గోధుమరంగు దుమ్ము నాలుగు వైపులా ఒకేలా కొట్టేసి "వెదరింగ్ చేశాను" అంటే ఒప్పుకోను. మసి ఎగ్జాస్ట్ దగ్గర మొదలై వెనక్కి పాకుతుంది. దుమ్ము చక్రాల దగ్గర నుంచి పైకి లేస్తుంది. ఫొటో ముందు పెట్టుకుని చేయండి.

పని కష్టమా అంటే, ఓపిక కావాలి. షెల్‌తో కలిపి అచ్చుపోసిన చేతి పిడులు చెక్కేసి, సన్న డ్రిల్లుతో రంధ్రాలు చేసి, 0.3 మిల్లీమీటర్ల ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ వంచి పెట్టుకోవాలి. హెచ్ఓలో ఒక అంగుళం అంటే దాదాపు అంతే మందం. దీపాల పెట్టెలకు, హారన్లకు డీటెయిల్స్ వెస్ట్ లాంటి వాళ్ళ విడిభాగాలు, క్యాబ్‌కి, హుడ్ (ఇంజను మీద కప్పు) తలుపులకి కానన్ అండ్ కంపెనీ పల్చటి ప్లాస్టిక్ ముక్కలు, అక్షరాలకు మైక్రోస్కేల్ డెకాల్స్ (అతికించే అచ్చు అక్షరాలు). డెకాల్ అతికించే ముందు గ్లాసీ కోటు (నిగనిగలాడే వార్నిష్ పూత) తప్పనిసరి, గరుకు రంగు మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ఇవన్నీ నేర్చుకోదగ్గ పనులే. పుట్టుకతో ఎవరికీ రావు.

ఇప్పుడు నా అసలు కోపం. కొన్ని కంపెనీలు ఒకే షెల్‌కి పాతిక రైల్వేల రంగులు కొట్టి అమ్ముతాయి. ఆ రైల్వే ఆ ఇంజన్ని ఎప్పుడూ కొనలేదన్న సంగతి పెట్టె మీద ఎక్కడా రాయరు. కొత్తగా వచ్చిన కుర్రాడు అది నిజమనుకుని కష్టపడి దాచిన డబ్బు పెట్టి కొంటాడు. అది ఊహా చిత్రణ అని ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది? ఇంకోపక్క, ఒక్కో నంబరుకి తగ్గట్టు దీపాలు, అద్దాలు, హారన్లు మార్చి ఇచ్చే ఖరీదైన మోడళ్ళు ఇప్పుడు వస్తున్నాయి. అవి నిజంగా గొప్ప పని, వాటిని తక్కువ చేయను. కానీ అవి ఎవరో ఎంచుకున్న నంబరు, ఎవరో ఎంచుకున్న సంవత్సరం. మీకు కావాల్సిన ఇంజను ఆ జాబితాలో లేకపోతే మళ్ళీ కత్తీ ఫైలూ పట్టాల్సిందే.

పట్టి పట్టి చూసేవాళ్ళని 'రివెట్లు లెక్కపెట్టే బాపతు' అని ఎగతాళి చేయడం కూడా ఆపండి. ఎస్పీ హిస్టారికల్ అండ్ టెక్నికల్ సొసైటీ లాంటి చోట్ల పాత డ్రాయింగులు, ఫొటోలు జాగ్రత్త చేసిపెట్టింది ఆ లెక్కపెట్టిన మనుషులే. వాళ్ళు లేకపోతే ఎగతాళి చేసేవాళ్ళకి కూడా కాపీ కొట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. ఎస్పీ నడిపిన, అమెరికన్ కంపెనీ ఆల్కో తయారుచేసిన సెంచరీ రకం ఇంజన్లలో చాలావాటిలోనూ, మన రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎమ్2లోనూ ఉన్నది ఆల్కో వారి 251 కుటుంబపు పదహారు సిలిండర్ల ఇంజనే. డబ్ల్యూడీఎమ్2 1962లో అమెరికా నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. ఆల్కో ట్రైమౌంట్ అనే చక్రాల చట్రం (బోగీ) మీద ఉంటుంది కాబట్టి మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. మోడల్ చేసేటప్పుడు చాలామంది తప్పేది అక్కడే. షెడ్డుని బట్టి రంగులు మారేవి. ముందు హుడ్ పొట్టిగా ఉన్న 'జంబో'ల రూపమే వేరు. హెచ్ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్‌ని నిజంగా స్కేల్‌కి తగ్గిస్తే 19 దాటుతుంది, దాంతో ఏం చేయాలన్నది మరో పెద్ద చర్చ. ఇంత పని మన ముందుంటే మనవాళ్ళు ఇంకా ఏదో ఒక అమెరికన్ ఆల్కోకి రంగు కొట్టి 'కాజీపేట' అని రాసి సరిపెట్టుకుంటున్నారు.

దీనికి పెద్ద అడ్డంకి ఫొటోలు. ఎస్పీకి వేల ఫొటోలు తేదీలతో, నంబర్లతో దొరుకుతాయి. కాజీపేట, గుత్తి షెడ్ల డబ్ల్యూడీఎమ్2లకు 1970లు, 80ల నాటివి వెతికితే దొరికేవి చాలా తక్కువ. మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్ళుంటే పాత ఆల్బమ్‌లు ఒకసారి తీయండి. నాన్నగారో తాతగారో ఇంజను పక్కన నిలబడి దిగిన ఫొటో ఉంటే మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేయండి. వెనక్కి తిప్పి తేదీ ఏమైనా రాసుందేమో చూడండి. ఇంజను నంబరు, ఊరు, సుమారు సంవత్సరం రాసి ఈ పోస్టు కింద పెట్టండి. హుడ్ పక్కభాగం, పైకప్పు, బఫర్లు కనిపించే ఫొటోలైతే మరీ మంచిది. పెద్దవాళ్ళు ఇంకా ఉంటే ఆ ఇంజనుకి రంగు ఎప్పుడు మారిందో, దీపం ఎక్కడుండేదో అడిగి అది కూడా రాయండి.