చెన్నైకి నీటి లెక్క తెలుసు, గాలి లెక్క తెలియదు

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మా పెరంబూరు వీధిలో మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "ఈసారి నీళ్లు ఎంతవరకు వస్తాయి?" 2015 డిసెంబరు వరదలు నేర్పిన భయం అది. కింది అంతస్తు వాళ్లు బియ్యం బస్తాలు అటక ఎక్కిస్తారు. వేళచ్చేరిలోనైతే కార్లు ఫ్లైఓవర్ మీద బారులు తీరతాయి. నెల్లూరు నుంచి పిన్ని ఫోను చేసి అడిగేదీ నీళ్ల గురించే. గాలి ఎంత వేగంతో వస్తుందని అడిగినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

వరద వచ్చిన మరుసటి ఏడాదే గాలి తన సంగతి చెప్పి వెళ్లింది. 2016 డిసెంబరు 12, సోమవారం. జయలలిత మరణించి వారమైంది. పెద్దనోట్ల రద్దుతో ఎవరి చేతిలోనూ నగదు ఆడటం లేదు. వర్దా తుఫాను (పాకిస్తాన్ పెట్టిన ఆ పేరుకు ఎర్ర గులాబీ అని అర్థమట) గంటకు 100 కిలోమీటర్లకు పైబడిన గాలులతో చెన్నై దగ్గరే తీరం దాటింది. వేల చెట్లు కూలాయి. కరెంటు పోవడంతో కార్డు యంత్రాలూ ఏటీఎంలూ మూగబోయాయి, పాల ప్యాకెట్టుకు చిల్లర లేక తిరిగాము. అప్పటి నుంచి తుఫాను కబురు వింటే నేను మొదట తీసి పెట్టుకునేది టార్చిలైటు కాదు, చిన్న నోట్లు.

నీరు మెట్టు మెట్టుగా పెరుగుతుంది, కళ్లముందే. గాలి అంత మర్యాదగా రాదు. వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. 50 కిలోమీటర్ల గాలికి గడగడలాడి ఊరుకున్న రేకు 100 కిలోమీటర్ల గాలికీ అలాగే ఊరుకుంటుందని అనుకుంటాం. పొరపాటంతా అక్కడే ఉంది.

వర్దా వచ్చిన ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగింది. వీధి వీధంతా బయటికి వచ్చింది. పడిన చెట్ల ముందు పిల్లలు, వాళ్లను ఫోటోలు తీస్తూ పెద్దలు. నేనూ చెప్పులు వేసుకున్నాను. మామగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. దివిసీమలో పెరిగి, 1977 ఉప్పెన చూసినవారు. "ఆగలేదు అల్లుడూ, తిరుగుతోంది. ఇప్పుడు దక్షిణం నుంచి వస్తుంది" అన్నారు. అలాగే వచ్చింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. పడమరగా కదిలే తుఫానుకు ముందుభాగంలో గాలి ఉత్తరం నుంచి, వెనుకభాగంలో దక్షిణం నుంచి వీస్తుంది. రెండింటి నడుమ ఉండే ప్రశాంతతే తుఫాను కన్ను. పొద్దుటి నుంచి ఒకవైపుకు ఒరిగి, తడిసిన నేలలో వేళ్లు వదులైన చెట్టును రెండో గాలి ఎదురువైపు నుంచి తోస్తుంది. వాన తగ్గలేదు గానీ గాలి ఆగిందంటేనో, ఆకాశం కాస్త తెరిపి ఇచ్చిందంటేనో బయటికి వెళ్లకూడదు. తీరం దాటడం పూర్తయిందని వాతావరణ శాఖ చెప్పాకే గడప దాటాలి.

చెట్ల మీద నేరం మోపడం తేలిక. నీడ కోసం వరుసగా నాటిన తురాయి వంటి చెట్లకు పువ్వు అందం, కొమ్మ పెళుసు. నిజమే, కానీ గట్టివని పేరున్న వేపలూ పడ్డాయి కదా. మొదలు చుట్టూ సిమెంటు పోసి, ఒక పక్క వేళ్లు నరికి కాలువ తవ్విన చెట్టు దేన్ని పట్టుకుని నిలబడాలి? 2015 తర్వాత నీటి భయంతో ఈ నగరం వాననీటి కాలువలు విరివిగా తవ్వింది. అవి కావాల్సినవే. అయితే తవ్వేచోట వేళ్ల గురించి అడిగే మనిషి ఉన్నట్టు నాకు ఎక్కడా కనిపించలేదు. నీటి నుంచి కాపాడుకోబోయి గాలికి దారి తీశాం.

చెట్టు కార్పొరేషనుదని తప్పించుకోవచ్చు, డాబా మాత్రం మనదే. ఖాళీ నీళ్ల ట్యాంకు, విరిగిన కుర్చీ, పూలకుండీలు, ఎప్పుడో వేసిన ఇనుప రేకు, వదులైన డిష్: ఒక్కొక్కటీ పక్కింటి కిటికీకి గురిపెట్టిన రాయి. ట్యాంకు నిండుగా ఉంటే ఎగరదు, అదొక చిన్న కిటుకు. హోర్డింగుల నీడన బండి ఆపేవాళ్లు ముంబయిలోని ఘాట్కోపర్‌ను గుర్తుంచుకోవాలి. 2024 మే 13న అక్కడ వచ్చింది తుఫాను కూడా కాదు, వేసవి సాయంత్రపు దుమ్ముగాలి. పెట్రోలు బంకు మీద హోర్డింగు కూలి 17 మంది మరణించారు.

ఇంట్లో ఉన్నప్పుడు, ఒక కిటికీ తెరిచి ఉంచితే లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుందని వాట్సాప్ చెబుతుంది. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి ఎత్తుతుంది, పైన వీచే గాలి దాన్ని లాగుతుంది. రేకుల ఇళ్లు లేచిపోయేది ఇలాగే. అందుకే రేకుల గదుల్లో అద్దెకుండే భవన కార్మికులకు జాగ్రత్తలు చెప్పి లాభం లేదు, వాళ్లను ముందురోజే కాంక్రీటు కప్పు కిందికి చేర్చాలి. పక్కా ఇళ్లలో ఉన్నవాళ్లు తలుపులన్నీ మూసి, అద్దాలకు దూరంగా లోపలి గదిలో కూర్చుంటే చాలు.

మర్నాడు మరో ముప్పు ఉంటుంది. నగరం నడిబొడ్డున కరెంటు తీగలు చాలావరకు నేలలో ఉన్నాయి. శివార్లలో, ఆవడి, తాంబరం వైపు, ఎక్కువగా స్తంభాల మీదే. తెగిపడిన తీగలో కరెంటు లేదని కంటితో తేల్చలేం. తీగ చుట్టూ తడి నేల కూడా ప్రమాదమే, దూరంగా ఉండి కరెంటు ఆఫీసుకు ఫోను చేయాలి.

ఇవన్నీ మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో చెప్పాను. అందరూ తలలూపారు. నీళ్లు తోడే మోటారు కొనడానికి పది నిమిషాల్లో చందా పోగైంది. డాబా మీది పాత రేకు ఎవరిదో తేలలేదు, అది ఇంకా అక్కడే ఉంది.